కంఫీ వర్క్‌ఫ్లోలు ఎక్కడ వెతకాలి: ఫ్లెక్స్ దుకాణాలకు, ఫొటో స్టూడియోలకు ఒక పోలిక

దసరా దగ్గర పడితే నల్లగొండ గడియారం సెంటర్‌లో అయినా, పాలమూరు న్యూటౌన్‌లో అయినా ఫ్లెక్స్ దుకాణాల్లో ఊపిరి సలపదు. ఒకరికి బతుకమ్మ బ్యాక్‌గ్రౌండ్ కావాలి, ఇంకొకరికి దుర్గమ్మ నవరాత్రుల బ్యానర్ కావాలి, అన్నీ సాయంత్రానికే కావాలి. ఆ హడావుడిలో ఆన్‌లైన్‌లో ఒక అందమైన బొమ్మ, దాని పక్కన ‘వర్క్‌ఫ్లో ఉచితం’ అన్న మాట కనిపిస్తాయి. దించుకొని కంఫీయూఐలో (మన కంప్యూటర్ మీదే ఏఐతో బొమ్మలు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్, వాడుకలో కంఫీ) వేస్తే తెరంతా ఎర్ర డబ్బాలే. రెండు గంటలు దాని వెంట పడేలోపు గిరాకీ పక్క దుకాణానికి పోతాడు.

ఇందులో కంప్యూటర్ తప్పు చాలా తక్కువ. వర్క్‌ఫ్లోను ఎక్కడి నుంచి తెచ్చుకున్నాం, తెచ్చుకునే ముందు ఏం చూశాం అన్న దగ్గరే సగం పని తేలిపోతుంది. ఈ వర్క్‌ఫ్లోలను పంచుకునే జాబితాలు చాలా ఉన్నాయి, వాటి స్వభావాలు వేరువేరు. వాటిని బేరీజు వేయడానికి మేం పెట్టుకునే కొలత ఒక్కటే: వర్క్‌ఫ్లో మన సిస్టం మీద ఆగిపోయినప్పుడు, ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి ఆ పేజీలో ఎంత సమాచారం ఉంది?

ముందు ఒక విషయం తేల్చుకుందాం. వర్క్‌ఫ్లో అంటే ఏ నోడ్లు (ఒక్కో పని చేసే డబ్బాలు) పెట్టారు, వాటి మధ్య తీగలు ఎట్లా కలిపారు, ఏ సెట్టింగ్ ఎంత ఉంచారు అని రాసి ఉన్న చిన్న జేసన్ ఫైల్. చాలావాటి సైజు కేబీల్లోనే ఉంటుంది. కంఫీ తయారుచేసిన పీఎన్‌జీ బొమ్మ లోపల కూడా అదే రాత దాగి ఉంటుంది. ఆ బొమ్మను లాగి కంఫీ తెర మీద వదిలితే నోడ్లన్నీ పరుచుకుంటాయి. కానీ బొమ్మ గీసే అసలు ఏఐ ఫైల్, అంటే మోడల్, అందులో ఉండదు, బయటివాళ్లు రాసిన కస్టమ్ నోడ్లూ ఉండవు; మన దగ్గర లేని నోడే ఎర్ర డబ్బాగా కనిపిస్తుంది. అవి విడిగా తెచ్చుకోవాలి, అసలు బరువంతా అక్కడే ఉంది.

బొమ్మల మోడళ్లలో పాతదైన స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 (ఎస్‌డీ 1.5) 2 నుంచి 4 జీబీ. దాని తర్వాతి పెద్ద రకం ఎస్‌డీఎక్స్‌ఎల్ మూల మోడల్ 6.94 జీబీ. ఇంకో కంపెనీ మోడల్ ఫ్లక్స్ డెవ్ పూర్తి ఫైల్ 23.8 జీబీ, దానికి తోడు మనం రాసిన మాటలను మోడల్‌కు అర్థం చేయించే టీ5 ఎన్‌కోడర్ 9.8 జీబీ, అదే పని చేసే క్లిప్, లెక్కలను బొమ్మగా మార్చే వీఏఈ ఫైళ్లు మరో అర జీబీ పైన. అన్నీ కలిపితే 34 జీబీ దాటుతుంది. రోజుకు 2 జీబీ వచ్చే ఫోన్ డేటాతో హాట్‌స్పాట్ పెట్టి దించితే పదిహేడు రోజులు. ఎఫ్‌పీ8 రకం (సైజు తగ్గించిన) ఫైళ్లు తీసుకున్నా 17 జీబీ చిల్లర. కాబట్టి ఏ జాబితాలో అయినా బొమ్మ కంటే ముందు మోడల్ పేరు చూడాలి. గ్రాఫిక్స్ కార్డులో 4 జీబీ ఉంటే ఎస్‌డీ 1.5 దగ్గర ఆగాలి. 8 జీబీ కార్డు మీద ఎస్‌డీఎక్స్‌ఎల్ హాయిగా నడుస్తుంది. అదే కార్డు మీద ఫ్లక్స్ కావాలంటే జీజీయూఎఫ్ రకంలో (ఇంకా కుదించిన) క్యూ4 ఫైల్, దానితో పాటు సిస్టం ర్యామ్ కనీసం 32 జీబీ ఉంటే ఇబ్బంది పడకుండా నడుస్తుంది. 12 జీబీ కార్డు ఉన్నవాళ్లకు ఎఫ్‌పీ8 ఫ్లక్స్ కొంచెం నెమ్మదిగానైనా పని చేస్తుంది.

కంఫీలోనే ఉన్న టెంప్లేట్లు

చాలామంది వీటిని దాటిపోతారు. వర్క్‌ఫ్లో మెనూలో బ్రౌజ్ టెంప్లేట్స్ నొక్కితే వచ్చే జాబితా ఇది. చూడ్డానికి సాదాగా ఉంటాయి. అయితే వీటిలో కస్టమ్ నోడ్ల బెడద దాదాపు ఉండదు, మోడల్ లేకపోతే ఏ ఫైల్ లేదో పేరు చెప్పి దించుకునే లింకు కూడా చూపిస్తుంది. కంఫీ తయారీదారులు గిట్‌హబ్‌లో (ప్రోగ్రాముల కోడ్ పంచుకునే సైట్) పెట్టిన ఉదాహరణల పేజీ కూడా ఈ కోవదే: అక్కడి బొమ్మను సేవ్ చేసుకొని కంఫీలో వదిలితే చాలు. కొత్తగా మొదలుపెట్టే దుకాణం మొదటి నెల ఈ రెండింటిని దాటి పోకపోవడమే మేలని మా గట్టి అభిప్రాయం. ఒక్క పైలం మాట: 2025 నుంచి టెంప్లేట్లలో కొన్ని ఏపీఐ నోడ్లతో వస్తున్నాయి. అవి మన కార్డు మీద నడవవు, బయటి కంపెనీ సర్వర్ మీద నడుస్తాయి, వాటికి డబ్బు పెట్టి క్రెడిట్లు కొనాలి. టెంప్లేట్ తెరిచాక ఏ నోడ్ అయినా లాగిన్ అడిగితే దాన్ని మూసేసి ఇంకోటి చూసుకోండి.

సివిట్‌ఏఐ

ఏఐ మోడళ్లు, బొమ్మలు పంచుకునే ఈ సైట్ 2022 చివర్లో మొదలైంది. మోడళ్ల కోసం వెళ్లేవాళ్లే ఎక్కువ, అయితే ఫిల్టర్లో వర్క్‌ఫ్లోస్ అన్న రకం ఎంచుకుంటే అవి విడిగా వస్తాయి. సరుకు ఇంత ఉన్న చోటు ఇంకోటి లేదు. ప్రతి పేజీలో మూల మోడల్ ఏమిటో రాసి ఉంటుంది, వెర్షన్లు విడివిడిగా ఉంటాయి, ఫైల్ చెడకుండా వచ్చిందో లేదో తేల్చే ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్య ఇస్తారు. కింద వాడకందార్లు పెట్టిన బొమ్మలు ఉంటాయి. వాటిని తప్పక చూడాలి. తయారుచేసినవాడు పెట్టిన బొమ్మ ఎప్పుడూ బాగానే ఉంటుంది, వేరేవాళ్ల చేతిలో ఎట్లా వచ్చిందో అదే అసలు లెక్క. వేరేవాళ్ల బొమ్మ ఒక్కటీ లేని వర్క్‌ఫ్లోను పక్కన పెట్టేయండి.

ఇబ్బందులు కూడా తక్కువేం కాదు. వర్క్‌ఫ్లో ఎక్కువగా జిప్ ఫైల్‌లో వస్తుంది, లోపల ఏ నోడ్లు ఉన్నాయో దించుకునేదాకా తెలియకపోవచ్చు. వివరణలో రాసే ఓపిక కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. పెద్దలకు మాత్రమే అయిన బొమ్మలు అక్కడ చాలా ఉన్నాయి; దుకాణంలో తెర గిరాకీ వైపు తిరిగి ఉంటే లాగిన్ అయ్యి సెట్టింగుల్లో వాటిని పూర్తిగా ఆపేశాకే వెతకండి. ఇంకో సంగతి, ఇది సభ్యులు ఎక్కించే సరుకుతో నడిచేదే అయినా యజమాని ఒక కంపెనీ. పేమెంట్ సంస్థల ఒత్తిడితో 2025లో నియమాలు బాగా మారాయి. ఆ ఏడాది మే నెలలో నిజమైన వ్యక్తుల ముఖాలు తెచ్చే మోడళ్లను తీసేశారు. ఇవ్వాళ ఉన్నది రేపు ఉంటుందనే నమ్మకం లేదు, పనికొచ్చిన ఫైల్‌ను ఆ రోజే మన హార్డ్ డిస్కులో దాచుకోవాలి. ముఖాల సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి: బ్యానర్ మీద నాయకుడి ముఖాన్ని ఏఐతో పుట్టించకండి, పార్టీవాళ్లు ఇచ్చిన ఫొటోనే కత్తిరించి పెట్టండి. బ్యాక్‌గ్రౌండ్ వరకే ఏఐ పని.

ఓపెన్‌ఆర్ట్

దీని వర్క్‌ఫ్లో విభాగంలో ఒక పెద్ద సుఖం ఉంది. దించుకోకముందే నోడ్ల పటం పేజీ మీద కనిపిస్తుంది, వాడిన నోడ్లూ మోడళ్లూ జాబితాగా ఉంటాయి. ఆ జాబితాలో కస్టమ్ నోడ్ల ప్యాకులు మూడుకు మించి ఉంటే, పనిలో ఉన్న దుకాణానికి అది బరువే. పాత వర్క్‌ఫ్లోలు ఇక్కడ చాలా ఉన్నాయి కాబట్టి తేదీ చూడడం మరవొద్దు. సివిట్‌ఏఐలో ఆలోచన దొరుకుతుంది, ఓపెన్‌ఆర్ట్‌లో ఆ ఆలోచన లోపలి కీలు చూడొచ్చు. నేర్చుకోవడానికి ఇదే బాగుంటుంది. ఇది కూడా కంపెనీదే, వాళ్ల సొంత బొమ్మల సేవ వేరుగా ఉంది, దానికి డబ్బు కట్టాలి; ఆ బటన్లనూ వర్క్‌ఫ్లో డౌన్‌లోడ్ బటన్‌నూ కలిపి అయోమయపడొద్దు.

గిట్‌హబ్, హగ్గింగ్ ఫేస్

తేదీ ఎందుకంత ముఖ్యమో ఇక్కడే అర్థమవుతుంది. ఒక ఫొటోను చూపించి ఆ శైలిలో బొమ్మ తెప్పించే ఐపీ అడాప్టర్ ప్లస్ నోడ్లను 2024 మార్చిలో మొత్తం తిరగరాశారు. అంతకుముందు తయారైన వర్క్‌ఫ్లోలు తెరిస్తే ‘ఐపీ అడాప్టర్ అప్లై’ అన్న నోడ్ ఎర్రగా కనిపిస్తుంది, కంఫీ మేనేజర్‌తో (కస్టమ్ నోడ్లు వేసే సాధనం) ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా అది రాదు, ఎందుకంటే ఆ పేరుతో నోడే ఇప్పుడు లేదు. దాన్ని తీసేసి కొత్త లోడర్, కొత్త నోడ్ పెట్టి తీగలు మళ్లీ కలపాల్సిందే. అట్లాగే ఎస్‌డీ 1.5 మూల మోడల్‌ను రన్‌వే సంస్థ 2024 ఆగస్టులో హగ్గింగ్ ఫేస్ (మోడల్ ఫైళ్లు దాచి పంచే సైట్) నుంచి తీసేసింది. పాత వర్క్‌ఫ్లోల్లో ఇచ్చిన ఆ లింకు తెరుచుకోదు, వేరేవాళ్లు పెట్టిన నకలు వెతుక్కోవాలి.

నోడ్ రాసినవాళ్ల గిట్‌హబ్ పేజీలోనే ఉదాహరణల ఫోల్డర్ ఉంటుంది. ఆ నోడ్‌కు సంబంధించి దానికంటే సరైన వర్క్‌ఫ్లో ఇంకెక్కడా దొరకదు, నోడ్ మారినప్పుడు ఉదాహరణనూ మార్చే అవకాశం ఎక్కువ కాబట్టి. ఇష్యూస్ విభాగంలో మనకు వచ్చిన ఎర్రర్ వాక్యాన్ని యథాతథంగా అతికించి వెతికితే చాలాసార్లు జవాబు అప్పటికే ఉంటుంది. చివరి మార్పు ఎప్పుడు జరిగిందో కూడా పేజీ పైనే కనిపిస్తుంది. అందం లేదు, బొమ్మల గ్యాలరీ లేదు, ఇంగ్లిష్ చదవాలి. అయినా పనిచేసే దుకాణానికి నమ్మకమైన చోటు ఇదే.

ఓపెన్‌మోడల్‌డీబీ

ఇది నిజంగా జనం నడిపే జాబితా. వర్క్‌ఫ్లోలు ఉండవు, బొమ్మను పెద్దది చేసే అప్‌స్కేలర్ మోడళ్లే ఎక్కువ. ఫ్లెక్స్ దుకాణానికి ఇది మిగతావాటికంటే ఎక్కువ అక్కరకొస్తుందని చెప్పడానికి వెనుకాడం.

లెక్క చూడండి. 6×4 అడుగుల ఫ్లెక్స్‌ను 72 డీపీఐ (అంగుళానికి 72 చుక్కలు) వద్ద ఇవ్వాలంటే 5184×3456 పిక్సెళ్లు కావాలి. ఎస్‌డీఎక్స్‌ఎల్‌లో 1216×832 సైజులో బొమ్మ తీసి, 4 రెట్లు చేసే అప్‌స్కేలర్ పెడితే 4864×3328 వస్తుంది, అంటే సుమారు 68 డీపీఐ. దూరం నుంచి చూసే ఫ్లెక్స్‌కు అది ధారాళంగా సరిపోతుంది. నేరుగా 5184 వెడల్పుతో బొమ్మ తీయమంటే కార్డు మెమరీ చాలదు, చాలినా ఒకే బొమ్మలో రెండు గోపురాలు, మూడు చందమామలు వస్తాయి. ఆ మోడల్ నేర్చుకున్నది 1024 చుట్టుపక్కల సైజుల్లోనే. 12×36 అంగుళాల కరిష్మా ఆల్బమ్ పేజీ సంగతి వేరు. 300 డీపీఐకి 10800×3600 కావాలి. 1536×640లో తీసి 4 రెట్లు చేసి, పైనా కిందా కత్తిరిస్తే 6144×2048, అంటే సుమారు 171 డీపీఐ. మబ్బుగా ఉండే బ్యాక్‌గ్రౌండ్‌కు పర్వాలేదు, మనుషుల ముఖాలకు చాలదు. ముఖాలు ఎట్లాగూ కెమెరా ఫొటోల నుంచే రావాలి.

ఈ జాబితాలో ప్రతి మోడల్‌కు ఎన్ని రెట్లు చేస్తుంది, ఏ రకం బొమ్మలకు పనికొస్తుంది, లైసెన్సు ఏమిటి అన్నవి వరుసగా ఉంటాయి, ముందూ తర్వాతా పోల్చి చూపే బొమ్మలు ఉంటాయి. లైసెన్సు గడిని చదవండి. ఎక్కడ చూసినా కనిపించే 4ఎక్స్ అల్ట్రాషార్ప్ వ్యాపారానికి వాడకూడదన్న షరతుతో ఉంది. రియల్ ఈఎస్ఆర్‌గ్యాన్ 4ఎక్స్ ప్లస్ బీఎస్‌డీ లైసెన్సుతో ఉంది, ఫైల్ 64 ఎంబీ మాత్రమే. వర్క్‌ఫ్లోలో ఒకదాని బదులు ఇంకొకటి పెట్టడానికి డ్రాప్‌డౌన్‌లో పేరు మార్చడమే పని.

లైసెన్సుల మీద ఇంకో రెండు మాటలు, ఎందుకంటే స్టూడియోలు డబ్బు తీసుకొని పని చేస్తాయి. ఎస్‌డీఎక్స్‌ఎల్ వ్యాపారానికి ఒప్పుకుంటుంది. ఫ్లక్స్ డెవ్ మోడల్ వ్యాపారేతర లైసెన్సుతో వస్తుంది. అదే కంపెనీ ష్నెల్ రకం అపాచీ 2.0 లైసెన్సుతో ఉంది, 4 స్టెప్పుల్లోనే బొమ్మ ఇస్తుంది. పెళ్లికూతురి ముఖాన్ని కొత్త దృశ్యంలో పెట్టే ఫేస్ ఐడీ, ఇన్‌స్టంట్ ఐడీ వర్క్‌ఫ్లోలు చాలా ఆకర్షిస్తాయి. వాటి వెనకాల ముఖాన్ని గుర్తించే ఇన్‌సైట్‌ఫేస్ మోడళ్లు ఉంటాయి, అవి పరిశోధనకు మాత్రమే అన్న షరతుతో ఇచ్చినవి. ఆ విషయం వర్క్‌ఫ్లో పేజీల్లో అరుదుగా రాస్తారు. గిరాకీ ఫొటోలను ‘ఆన్‌లైన్‌లోనే నడపండి’ అన్న బటన్ల మీద ఎక్కించడం కూడా ఆ కుటుంబం అనుమతి లేకుండా చేయకూడని పని.

టెలిగ్రామ్ ఛానళ్లలో తిరిగే ‘ఆల్ ఇన్ వన్’ జిప్‌ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వద్దు. కస్టమ్ నోడ్ అంటే పైథాన్ కోడ్, మన కంప్యూటర్‌లో ఏ ఫైల్‌నైనా చదవగలదు. 2024 జూన్‌లో ఎల్ఎల్ఎమ్ విజన్ అనే కస్టమ్ నోడ్ బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, కార్డు వివరాలు దొంగిలిస్తున్నట్టు బయటపడింది. అదే ఏడాది డిసెంబరులో అల్ట్రాలిటిక్స్ అనే మంచి పేరున్న పైథాన్ ప్యాకేజీలోకే దొంగ కోడ్ చొరబడింది. అప్పట్లో దాని మీద ఆధారపడ్డ ఇంపాక్ట్ ప్యాక్ అనే కస్టమ్ నోడ్ల ప్యాకు వాడేవాళ్లు ఇబ్బందిలో పడ్డారు. కాబట్టి కంఫీ నడిపే సిస్టం మీద దుకాణం బ్యాంకు ఖాతా తెరవొద్దు, బ్రౌజర్‌లో పాస్‌వర్డులు దాచొద్దు. నోడ్లను మేనేజర్ జాబితా నుంచే వేసుకోవాలి. మోడల్ ఫైల్ సేఫ్‌టెన్సర్స్ రకమే తీసుకోవాలి. సీకేపీటీ ఫైళ్లలో కోడ్ దాక్కునే వీలుంది.

ఏ పనికి ఏది

బతుకమ్మ బ్యాక్‌గ్రౌండ్ కావాలంటే మాటలు రాసి తెప్పించే వర్క్‌ఫ్లోలతో పని కాదు. తంగేడు, గునుగు పూలను వరుసలు వరుసలుగా గోపురంలా పేర్చిన రూపం పదాలతో రాదు, ఏదో పూలబుట్ట వస్తుంది. సొంతంగా తీసిన ఒక బతుకమ్మ ఫొటోను కంట్రోల్‌నెట్‌కు (ఫొటోలోని ఆకారాన్ని పాటింపజేసే అదనపు మోడల్) ఇచ్చి ఆకారాన్ని పట్టించాలి. కంఫీ ఉదాహరణల్లోని కంట్రోల్‌నెట్ వర్క్‌ఫ్లోతో మొదలుపెట్టి, ఎస్‌డీఎక్స్‌ఎల్ యూనియన్ రకం కంట్రోల్‌నెట్ ఫైల్ సుమారు 2.5 జీబీ హగ్గింగ్ ఫేస్ నుంచి తెచ్చుకోండి. బలాన్ని 0.6 నుంచి 0.8 మధ్య పెట్టి చూడండి. 1 దగ్గర బొమ్మ బిగుసుకుపోతుంది, 0.4 కింద ఆకారం జారిపోతుంది. తెలుగు అక్షరాలు మాత్రం ఈ మోడళ్లతో రాయించొద్దు, అక్షరాల్లాంటి గీతలే వస్తాయి. అవి ఎప్పటిలాగే కోరెల్‌డ్రా, అను ఫాంట్ల పని.

గద్వాల, నారాయణపేట చీరలు అమ్మేవాళ్లు కేటలాగ్ కోసం అడిగితే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. సివిట్‌ఏఐలో ‘దుస్తులు మార్చే’ వర్క్‌ఫ్లోలు బోలెడు. అవి చీరను మళ్లీ గీస్తాయి. అంచులో కోటకొమ్మ కాస్తా ఇంకేదో అవుతుంది, కొన్నవాళ్లు చీర చేతికొచ్చాక బొమ్మలో చూసింది ఇది కాదంటారు, అది న్యాయమే. కావాల్సింది బ్యాక్‌గ్రౌండ్ మాత్రమే మార్చే ఇన్‌పెయింట్ వర్క్‌ఫ్లో. అందులోనూ ఒక చిక్కు ఉంది: మాస్క్ వేయని (మార్చమని గుర్తు పెట్టని) భాగం కూడా వీఏఈ గుండా వెళ్లి వస్తుంది, సన్న జరీ గీతలు కొంచెం కరిగిపోతాయి. చివర్లో ఇమేజ్ కాంపోజిట్ మాస్క్‌డ్ నోడ్ పెట్టి అసలు ఫొటోలోని చీరను మళ్లీ పైన అతికించాలి. ఆ నోడ్ ఉందా లేదా అన్నది ఓపెన్‌ఆర్ట్ పేజీలోని పటంలో ముందే చూసుకోవచ్చు. పోచంపల్లి డిజైన్ల సంగతీ అంతే. చిటికి (ఇకత్) పద్ధతిలో నూలుకు ముందే ముడులు కట్టి రంగు అద్దుతారు, గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ లెక్క ఉంటుంది. ఇకత్ పేరుతో దొరికే లోరాలకు (మోడల్‌కు ఒక శైలి నేర్పే చిన్న అదనపు ఫైళ్లు) ఆ లెక్క తెలియదు. వాటితో వచ్చిన బొమ్మను మగ్గం డిజైన్‌గా ఇవ్వొద్దు, బట్ట మీద అచ్చు వేసి పోచంపల్లి అని అసలే అమ్మొద్దు. ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది, దాని వెనక మగ్గం మీద బతికే ఇళ్లున్నాయి.

దించుకున్నాక

ఎర్ర డబ్బాలు కనిపిస్తే ముందు మేనేజర్‌లో ‘ఇన్‌స్టాల్ మిస్సింగ్ కస్టమ్ నోడ్స్’ తెరవండి, కానీ అన్నీ ఒకేసారి వేయొద్దు. అంతకుముందు మేనేజర్‌లోనే స్నాప్‌షాట్ (ఇప్పుడున్న నోడ్ల జాబితా నకలు) తీసుకోండి. కొత్త నోడ్ ఒకటి పాతదాని పైథాన్ ప్యాకేజీని మార్చేసి, నిన్నటిదాకా నడిచిన వర్క్‌ఫ్లోను పాడుచేయడం తరచూ జరిగేదే. ఒక్కో ప్యాక్ వేసి, కంఫీని ఆపి మళ్లీ మొదలుపెట్టి చూడాలి. పోర్టబుల్ రకం (ఇన్‌స్టాల్ అక్కర్లేకుండా ఒకే ఫోల్డర్లో ఉండే) కంఫీ వాడేవాళ్లు పనిచేస్తున్న ఫోల్డర్ మొత్తాన్ని ఇంకోచోట నకలు పెట్టుకొని, కొత్త వర్క్‌ఫ్లోలను ఆ నకలులోనే పరీక్షించుకుంటే పండుగ రోజుల్లో నిశ్చింత.

‘వ్యాల్యూ నాట్ ఇన్ లిస్ట్’ అని వస్తే కంగారు వద్దు. ఆ పేరుతో ఫైల్ మన ఫోల్డర్లో లేదని అర్థం, అంతే. మోడల్ ఉన్నా పేరు వేరుగా ఉండొచ్చు, లేదా లినక్స్‌లో తయారైన వర్క్‌ఫ్లోలో ఫోల్డర్ గీత విండోస్‌కు ఎదురు దిక్కుగా వాలి ఉండొచ్చు. డ్రాప్‌డౌన్‌లో మన ఫైల్‌ను మళ్లీ ఎంచుకుంటే సరిపోతుంది. ఫ్లక్స్ ఫైల్‌ను చెక్‌పాయింట్స్ ఫోల్డర్లో పెట్టి డిఫ్యూజన్ మోడల్ లోడర్‌లో వెతకడం ఇంకో మామూలు పొరపాటు. అది డిఫ్యూజన్ మోడల్స్ ఫోల్డర్లో ఉండాలి. టీ5, క్లిప్ ఫైళ్లు టెక్స్ట్ ఎన్‌కోడర్స్ ఫోల్డర్లోకి పోతాయి.

డౌన్‌లోడ్ మధ్యలో కరెంటు పోయి ఫైల్ సగమే వస్తే, లోడ్ చేసేటప్పుడు సేఫ్‌టెన్సర్స్ హెడర్ ఎర్రర్ ఇస్తుంది. సైజును పేజీలో ఉన్నదానితో పోల్చండి. అనుమానం తీరకపోతే సెవెన్ జిప్ ఉన్న సిస్టంలో ఫైల్ మీద కుడి క్లిక్ చేసి ఎస్‌హెచ్‌ఏ256 లెక్కించి, పేజీలోని సంఖ్యతో సరిచూసుకోండి.

ఇక మిర్యాలగూడ దుకాణం నుంచి దేవరకొండ దుకాణానికి వర్క్‌ఫ్లో పంపాలంటే, పీఎన్‌జీని వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లోపలి రాత మొత్తం పోతుంది, అవతల ఉట్టి బొమ్మే మిగులుతుంది. డాక్యుమెంట్‌గా పంపాలి. జేసన్ ఫైల్ పంపేటప్పుడు మామూలు సేవ్ వాడాలి. ఏపీఐ రకం ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్ ప్రోగ్రాములకు ఉద్దేశించింది, అందులో నోడ్ల అమరిక, రాసుకున్న నోట్లు ఉండవు. దానితో పాటు ఒక నోట్ నోడ్‌లో నాలుగు సంగతులు రాయండి: మోడల్ ఫైల్ పూర్తి పేరు, అది దొరికిన చోటు, కస్టమ్ నోడ్ల ప్యాకులు, ఏ తేదీన నడిచింది.